వంశ చరిత్ర – దాని ఆధారాలు: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత ముస్లిం కుటుంబాల దృష్ట్యా

ఆదోని కోట దిగువనున్న పాత పేటలలోను, ఎమ్మిగనూరు వీధులలోను, చుట్టుపట్ల గ్రామాలలోను కొన్ని ముస్లిం గృహాలలో ఇనుప పెట్టె అడుగున గుడ్డలో చుట్టి దాచిన పాత కాగితాలు ఇప్పటికీ ఉంటాయి. అందులో ఒకటి ఫార్సీ సనదు కావచ్చు, ఒకటి పీరు గారిచ్చిన పత్రం కావచ్చు, మరొకటి తాతగారు ఉర్దూలో వ్రాసుకొన్న షజరా కావచ్చు. ఇంటిలోని పెద్దలు వాటిని భక్తితో కాపాడుతూ వచ్చారు. కాని వాటిని చదువగలిగినవారు ఇంటింటా తగ్గిపోయారు. తెలుగు మాధ్యమంలో చదువుకొన్న మనుమలకు అవి ముద్దుపెట్టుకొని తిరిగి పెట్టెలో పెట్టే పవిత్ర వస్తువులేగాని, చదివి తెలుసుకొనే చరిత్ర కావు.

ఇక పెట్టెలో ఏ కాగితమూ లేని ఇళ్లు మరెన్నో. దూది ఏకినవారు, నూలు వడికినవారు, బండి తోలినవారు, కూలి చేసినవారు తమకు చెప్పుకోదగిన చరిత్ర లేదనే అనుకొంటారు. ఈ రెండు రకాల కుటుంబాలకూ తమ పూర్వీకులను గూర్చి తెలుసుకొనే మార్గం ఉన్నది. ఆ మార్గమేది, అందులోని ప్రమాదాలేవి, అసలు ఈ ప్రయత్నం దేనికి చేయాలి అనే మూడు విషయాలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వంశజ్ఞానం – ఇస్లామీయ దృక్పథం

వంశక్రమాన్ని తెలుసుకోవడం ఇస్లాంలో నింద్యం కాదు. బంధుత్వాన్ని నిలుపుకొనేందుకు అవసరమైనంత మేరకు వంశక్రమాన్ని నేర్చుకోవలసిందిగా మహాప్రవక్త (స) ఉపదేశించినట్లు తిర్మిజీ సంకలనంలో ఉల్లేఖన ఉన్నది. అయితే వంశం పేర గొప్పలు చెప్పుకోవడాన్ని, ఇతరుల వంశాన్ని ఎత్తిపొడవడాన్ని అజ్ఞానకాలపు అలవాట్లుగా ఆయన (స) పేర్కొన్నట్లు సహీహ్ ముస్లింలో ఉన్నది. తన తండ్రి కాదని తెలిసి కూడా మరొకరిని తండ్రిగా చెప్పుకోవడాన్ని ఆయన (స) తీవ్రంగా ఖండించారు. మానవులు జాతులుగా, తెగలుగా ఏర్పడటంలోని ఉద్దేశం పరస్పర పరిచయమేనని, గౌరవానికి కొలత దైవభీతియేనని సూరా హుజురాత్ 13వ ఆయత్ బోధిస్తున్నది. వీటన్నిటినీ కలిపి చూస్తే హద్దు స్పష్టమవుతుంది. వంశజ్ఞానం పరిచయానికీ హక్కులకూ సాధనం. గర్వానికి సాధనమైతే అది దారి తప్పినట్లే.

ఈ హద్దును ఆచరణలో చూపినవారు హజ్రత్ ఉమర్ (రజి). హిజ్రీ 20 ప్రాంతంలో ప్రజాధనం నుండి భత్యాలు పంచడానికి దీవాన్ ఏర్పాటు చేసినప్పుడు, వంశశాస్త్రం తెలిసిన అఖీల్ బిన్ అబీ తాలిబ్, మఖ్రమా బిన్ నౌఫల్, జుబైర్ బిన్ ముత్ఇమ్ అనే ముగ్గురికి ఆ పట్టికను సిద్ధపరచే పని అప్పగించారు. జాబితా తన వంశంతో కాక మహాప్రవక్త (స) బంధువులతో మొదలు కావాలని పట్టుబట్టారు. అందులో స్త్రీలకు భత్యం ఉన్నది, పసిబిడ్డలకు భత్యం ఉన్నది. అనగా ముస్లిం రాజ్యంలో తయారైన ఆ తొలి వంశ పట్టిక బిరుదుల జాబితా కాదు. ఎవరికి ఎంత చెందాలో నిర్ణయించే హక్కుల జాబితా. ఈ సంగతిని మనస్సులో ఉంచుకొంటే తరువాతి విషయాలు సులభంగా బోధపడతాయి.

తరువాతి కాలంలో హిషాం ఇబ్నుల్ కల్బీ, ఇబ్నె హజ్మ్ వంటి విద్వాంసులు అరబ్బు వంశాలపై పెద్ద గ్రంథాలు రచించారు. 1406లో మరణించిన ఇబ్నె ఖల్దూన్ మాత్రం వంశమనేది చాలావరకు ఊహాజనితమని, అది మనుషుల మధ్య కలిగించే బంధమే దాని ప్రయోజనమని విశ్లేషించాడు. మన ఇళ్లలోని షజరాలను చదివేటప్పుడు ఈ హెచ్చరిక చాలా అవసరం.

ఈ నేలను ఏలినవారు, ఈ నేలపై బ్రతికినవారు

ఆదోని విజయనగర రాజ్యంలో పేరుమోసిన కోట. 1565 నాటి యుద్ధంలో విజయనగరం ఓడిన తరువాత 1568లో బిజాపూరు సుల్తాను మొదటి అలీ ఆదిల్‌షా వశమైనది. ఆ సుల్తానుల పక్షాన దీనిని దాదాపు నాలుగు దశాబ్దాలు పాలించిన మలిక్ రహ్మాన్ ఖాన్ అబిసీనియా దేశస్థుడు. ఆయన సమాధి ఆదోని కొండపైనే ఉన్నది. పదిహేడవ శతాబ్దంలో ఇక్కడ అధికారం నెరపి, జామియా మసీదును నిర్మించిన సిద్దీ మసూద్ ఖాన్ కూడా హబ్షీయే. ఆయన కర్నూలు ప్రభువైన సిద్దీ జౌహర్‌కు అల్లుడు. బాలుడైన సికందర్ ఆదిల్‌షా తరఫున 1678 నుండి 1683 వరకు బిజాపూరు రాజ్యభారం వహించి, ఆ తరువాత ఆదోనికి మరలివచ్చాడు. 1686లో బిజాపూరు, 1688లో ఆదోని ఔరంగజేబు సేనల చేజిక్కాయి. ఆదోనికి ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టారు.

పద్దెనిమిదవ శతాబ్దంలో ఆదోని మొదటి నిజాముల్‌ముల్క్ కుమారుడైన బసాలత్ జంగ్‌కు జాగీరుగా ఉండేది. ఆయన 1782లో మరణించాడు. 1786లో టిప్పు సుల్తాను ముట్టడించి కోటను పట్టుకొని దాని బురుజులను పడగొట్టించాడు. తిరిగి నిజాముకు చేరిన ఈ ప్రాంతాన్ని 1800లో నిజాం ప్రభుత్వం ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసింది. ఆ విధంగా ఏర్పడిన దత్త మండలాలకు 1807 వరకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా పనిచేశాడు.

ఇన్ని చేతులు మారిన ఊరికి సైనికులు, గుమాస్తాలు, ఖాజీలు, ఫకీర్లు, వర్తకులు నలుదిక్కుల నుండి వచ్చారనుటలో సందేహం లేదు. అయితే ఈ ప్రాంత ముస్లింలందరూ వచ్చినవారే అనుకోవడం పొరపాటు. ఇక్కడి పొలాలలో, మగ్గాల వద్ద, గానుగల వద్ద పనిచేస్తూ ఇక్కడే ఇస్లాం స్వీకరించిన కుటుంబాల సంతతి గణనీయంగా ఉన్నది. ఇంకొక సంగతి కూడా గమనించాలి. ఆదోనిలో అధికారానికి శిఖరంగా నిలిచిన ఇద్దరూ ఆఫ్రికా ఖండపు వారు. దక్కనులోని హబ్షీలలో చాలామంది బానిసలుగా అమ్ముడై వచ్చినవారు. అయినను మా పూర్వీకుడు హబ్షీ అని చెప్పుకొనే కుటుంబం అరుదు. మదీనా, బుఖారా, ఇరాన్ అని చెప్పుకొనేవి మాత్రం పెక్కు. హజ్రత్ బిలాల్ (రజి) పేరు విన్నంతనే కన్నులు చెమ్మగిల్లే మనం ఈ తేడాను గూర్చి ఒకసారి ఆలోచించవలసి ఉన్నది.

కాగితాలు ఏ జిల్లాలో ఉన్నాయి?

ఎమ్మిగనూరు, ఆదోని నేడు కర్నూలు జిల్లాలో ఉన్నాయి. కనుక పరిశోధకుడు సహజంగా కర్నూలుకే పోతాడు. పోయి వట్టి చేతులతో తిరిగివచ్చి, మా వారి కాగితాలు నశించాయని నిరాశ చెందుతాడు. నిజానికి ఆయన తప్పు తలుపు తట్టాడు. కర్నూలు 1839 వరకు నవాబుల పాలనలో ఉన్న వేరు సంస్థానం. ఆదోని మాత్రం 1800 నుండే కంపెనీ పాలనలో ఉండి, 1808లో ఏర్పడిన బళ్లారి జిల్లాలో చేరింది. ఎమ్మిగనూరు ఆనాడు ఆదోని తాలూకాలోని ఊరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా చీలి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. వాటిలో మొదటి రెండూ కర్నూలు జిల్లాలో కలిశాయి. కనుక అంతకు పూర్వపు నూట యాభై ఏళ్ల చరిత్రకు బళ్లారి జిల్లా కాగితాలే ఆధారం. అవి బళ్లారిలోను, చెన్నైలోని అభిలేఖాగారంలోను, హైదరాబాదు తార్నాకలోని అభిలేఖాగారంలోను చెదరి ఉన్నాయి. 1872లో కెల్సాల్ రచించిన బళ్లారి జిల్లా మాన్యువల్, 1904లో ఫ్రాన్సిస్ రచించిన గెజిటీరు కూడ ఈ ప్రాంతం గూర్చి తప్పక చదువదగినవి.

ఈ కాగితాలలో కుటుంబ చరిత్రకు అన్నిటికంటె విలువైనవి ఇనాం రిజిస్టర్లు. పూర్వ ప్రభువులు మసీదులకు, దర్గాలకు, ఖాజీలకు, ఖతీబులకు, ముల్లాలకు, ముజావర్లకు, ఫకీర్లకు ఇచ్చిన మాన్యాలను పరిశీలించి హక్కు తేల్చడానికి మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్‌ను నియమించింది. గ్రామగ్రామానికీ విచారణ జరిపి, మాన్యాన్ని మొదట ఇచ్చినదెవరు, పుచ్చుకొన్నదెవరు, ఏ సనదు ప్రకారం, ఏ సేవకు, ప్రస్తుతం అనుభవిస్తున్నవారు మొదటివారికి ఏమవుతారు అనే వివరాలను గళ్లు గళ్లుగా నమోదు చేశారు. ఒక ముజావరు కుటుంబానికి ఇందులో రెండు మూడు తరాల పేర్లు ఒకేచోట దొరుకవచ్చు. ఆ తరువాత ఇనాముల రద్దుకు 1956లో వచ్చిన ఆంధ్ర చట్టం కింద జరిగిన విచారణలలోను, 1954 వక్ఫ్ చట్టం కింద జరిగిన సర్వేలోను ఆ కుటుంబం తరువాతి తరాల పేర్లు రావచ్చు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే సుమారు నూరేళ్ల వంశక్రమం నిలబడుతుంది.

రెండవ ఆధారం ఖాజీల దఫ్తర్లు. 1864లో వచ్చిన చట్టంతో ప్రభుత్వం ఖాజీలను నియమించే పాత పద్ధతి ఆగిపోయింది. ముస్లింలకు ఇబ్బంది కలుగగా 1880లో ఖాజీల చట్టం వచ్చింది. అది మొట్టమొదట వర్తించినది మన మద్రాసు రాజధానికే. ఖాజీల వద్దనున్న నికాహ్ రిజిస్టర్లలో వధూవరుల పేర్లు, వారి తండ్రుల పేర్లు, మహర్ మొత్తం, వకీలు, సాక్షుల పేర్లు ఉంటాయి. సాక్షులు సాధారణంగా దగ్గరి బంధువులే గనుక ఒక్క పుట నుండి అయిదారు ఇళ్ల సంబంధాలు తెలుస్తాయి. వీటిని ఎలుకల నుండి, చెమ్మ నుండి కాపాడవలసిన బాధ్యత ఊరి పెద్దలందరిది.

ఇంకొక నష్టాన్ని కూడా చెప్పుకోవాలి. పొలాల లెక్కలు, పుట్టుక చావుల లెక్కలు తరతరాలుగా గ్రామ కరణాల చేతుల మీదుగా నడిచేవి. 1984లో ఆ పదవులను ప్రభుత్వం రద్దు చేసింది. లెక్కలలో కొన్ని కచేరీలకు చేరాయి, కొన్ని అటకలపైనే ఉండిపోయాయి. పాత కరణాల ఇళ్లకు మర్యాదగా వెళ్లి అడిగేవారికి ఆ అటకల మీది కాగితాలలో తమ ముత్తాత పేరు కనిపించే అవకాశం ఉన్నది. ముస్లిం కుటుంబ చరిత్రలో కొంత భాగం బ్రాహ్మణ గృహంలో భద్రంగా ఉండటం ఈ సీమలో వింతేమీ కాదు.

చదువునప్పుడు కలిగే పొరపాట్లు

కాగితం దొరకడం ఒక ఎత్తు, దానిని సరిగా చదవడం మరొక ఎత్తు. ఇందులో మూడు పొరపాట్లు తరచుగా జరుగుతాయి.

మొదటిది సంవత్సరాలను గూర్చినది. పాత పత్రాలలో హిజ్రీ సంవత్సరం ఒకచోట, ఫసలీ సంవత్సరం ఒకచోట వాడుతారు. మద్రాసు రాజధానిలోని ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. హిజ్రీ చాంద్రమానం గనుక అలా ఒకే అంకె కలిపితే కుదరదు. హిజ్రీ 1200 అనగా 1785-86, టిప్పు ఆదోనిని ముట్టడించిన సంవత్సరం. ఫసలీ 1200 అనగా 1790-91. హిజ్రీ 1270 అనగా 1853-54, ఫసలీ 1270 అనగా 1860-61. ఈ తేడా తెలియక లెక్కిస్తే కొడుకు తండ్రికంటె ముందు పుట్టినట్లు వస్తుంది. లేదా టిప్పు ఇచ్చిన సనదును నిజాముకు అంటగట్టినట్లవుతుంది.

రెండవది షజరా అనే మాటలోనే ఉన్నది. ఇది రెండు రకాలు. ఒకటి రక్తసంబంధాన్ని తెలిపే షజరయె నసబ్. రెండవది పీరు నుండి ముర్షిదు పరంపరను తెలిపే షజరయె తరీఖత్. మన ప్రాంతంలో పెనుగొండ బాబా ఫక్రుద్దీన్ వంటి మహనీయుల పట్ల, ఖాదిరీ, చిష్తీ పరంపరల పట్ల భక్తి గల కుటుంబాలు అనేకం. ముత్తాత బైఅత్ చేసినప్పుడు పీరు గారిచ్చిన పత్రంలో ఆయన పేరు చివర ఉంటుంది. దానిపై వరుసగా గురువుల పేర్లు ఉండి, హజ్రత్ అలీ (రజి) ద్వారా మహాప్రవక్త (స) వరకు పోతుంది. ఫార్సీ రాని మనుమడు దానిని చూచి తన రక్తవంశమే అక్కడికి చేరిందని నమ్ముతాడు, తన పేరు ముందు సయ్యద్ అని చేర్చుకొంటాడు. ఆయన ఉద్దేశం మోసం కాదు. కాని ఫలితం అసత్యమే. శిష్యుడు గురువుకు కొడుకు కాడు.

మూడవది కథలను గూర్చినది. ఔరంగజేబు సేనాని ఫిరంగులను జామియా మసీదు వైపు గురిపెట్టగా, తాను కట్టించిన మసీదు కూలుతుందనే బాధతో మసూద్ ఖాన్ కోటను అప్పగించాడని ఆదోనిలో చెప్పుకొంటారు. ఈ కథ జిల్లా గ్రంథాలలోకి కూడ ఎక్కింది. 1688లో కోట లొంగిపోవడం చరిత్ర. మసూద్ ఖాన్ మనస్సులోని మాట చెప్పేది మాత్రం కథ. కథను పారవేయనవసరం లేదు, అది ఊరి ప్రజలకు ఆ మసీదుపై గల ప్రేమకు సాక్ష్యం. కాని కథను కథగా, నమోదును నమోదుగా వేరువేరు గళ్లలో వ్రాసుకోవాలి. ఇంటి పెద్దలు చెప్పిన విషయాలకూ ఇదే నియమం వర్తిస్తుంది. చెప్పినవారి పేరు, వారికి చెప్పినవారి పేరు, విన్న తేదీ పక్కన వ్రాసి ఉంచాలి.

కాగితం లేని కుటుంబాలు

పెట్టెలో ఏమీ లేని కుటుంబాల సంగతి చూద్దాం. ఈ ప్రాంతంలో దూదేకులవారు, అనగా నూర్‌బాషాలు, పింజారీలు, లద్దాఫులు అధికంగా ఉన్నారు. ఇంట తెలుగు మాట్లాడుతూ, వింటితో దూది ఏకుతూ, పరుపులు కుట్టుతూ జీవించినవారు. 1909లో థర్‌స్టన్ దక్షిణ దేశపు కులాల గూర్చి వెలువరించిన గ్రంథంలో వీరిని గూర్చి ప్రత్యేకంగా వ్రాశాడు. వీరిలో హుసేనప్ప, మస్తానప్ప వంటి పేర్లు వినిపిస్తాయి. ఈ పేర్లను చూచి ఇతర ముస్లింలు చిన్నచూపు చూచిన రోజులున్నవి, నేడు కూడ పూర్తిగా పోలేదు. ఆ అవమానం వల్లనే కొందరు పిల్లల పేర్లు మార్చి, వృత్తి పేరు దాచి, ఎక్కడివో వంశాలు తెచ్చి అతికించుకొన్నారు. మరొకవైపు వెనుకబడిన తరగతుల జాబితాలో దూదేకులవారు 'బి' వర్గంలో ఉన్నారు. 2007లో మరికొన్ని ముస్లిం వర్గాలను 'ఇ' వర్గంలో చేర్చినప్పుడు సయ్యదులను, మొగలులను, పఠానులను అందులో చేర్చలేదు. దీనితో కొన్ని ఇళ్లలో ధ్రువపత్రానికి ఒక వంశం, పెళ్లి సంబంధానికి మరొక వంశం అవసరమవుతున్నది. ఒకే తాతకు రెండు చరిత్రలు ఉండవు కదా!

కాగితం లేకపోయినంత మాత్రాన చరిత్ర లేదనడం సరికాదు. పాఠశాల ప్రవేశ పుస్తకంలో తండ్రి పేరు, వృత్తి ఉంటాయి. రిజిస్ట్రారు కచేరీలోని క్రయ దస్తావేజులో కొన్నవారు, అమ్మినవారు, హద్దుదారులు, సాక్షులు ఉంటారు. కొట్టం పొరుగున ఎవరి కొట్టం ఉన్నదో చూస్తే అన్నదమ్ముల భాగాలు తెలుస్తాయి. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారి కృషితో నేతగాళ్ల సహకార సంఘం ఏర్పడింది. నేత, నూలు, అద్దకం పనులలోనున్న కుటుంబాలకు ఇటువంటి సంఘాల సభ్యత్వ పుస్తకాలు, కూలి లెక్కలు కూడ ఆధారాలే. మాన్యం పుచ్చుకొన్నవాని పేరు సర్కారు పుస్తకంలో ఎక్కితే, పని చేసినవాని పేరు కూలి పుస్తకంలో ఎక్కింది. వంశవృక్షానికి రెండూ సమానమే.

అయితే జనాభా లెక్కలపై ఎక్కువ ఆశ పెట్టుకోరాదు. అచ్చైన సంపుటాలలో సంఖ్యలే ఉంటాయి, ఇంటింటి పేర్లు ఉండవు. కాని ఆ సంఖ్యలు కూడ ఒక విషాదాన్ని చెబుతాయి. 1876-78 నాటి ధాత కరువులో బళ్లారి జిల్లా తీవ్రంగా దెబ్బతిన్నది. 1871 లెక్కలకు, 1881 లెక్కలకు మధ్య జనసంఖ్య బాగా తగ్గిపోయింది. 1871 నాటికే ఆదోని మీదుగా రాయచూరు వరకు రైలు దారి పడినందున బ్రతికినవారు దూరప్రాంతాలకు పోవడానికి వీలు కలిగింది. అనేక కుటుంబాలలో తాతకు తాత పేరు దొరకకపోవడానికి కారణం పెద్దల అజాగ్రత్త కాదు, ఆ కరువే. పేరు చెప్పవలసినవారే మిగలలేదు. నేటికీ ఈ పల్లెల నుండి సుగ్గికని గుంటూరు మిరప చేలకు, బెంగుళూరు, బొంబాయిలకు వలసపోయే కుటుంబాలున్నాయి. వారి పిల్లల పేర్లయినా ఎక్కడో ఒకచోట వ్రాసి ఉంచకపోతే మరో నూరేళ్లకు ఇదే ఖాళీ మళ్లీ ఏర్పడుతుంది.

పదిమంది సహాయం

ఇటువంటి పరిశోధన ఒక్కరివల్ల అయ్యేది కాదు. ఫార్సీ చదివేవారు ఒకచోట, మరాఠీ మోడీ లిపి తెలిసినవారు ఒకచోట, పాత కన్నడ లెక్కలు చదివేవారు ఇంకొకచోట ఉంటారు. బిజాపూరు సుల్తానుల కాలం నుండి మరాఠీ లెక్కలు వ్రాసే ఆచారం ఉన్నందున, ఒకే కట్టలో మూడు నాలుగు లిపులు కనిపించడం ఈ సరిహద్దు ప్రాంతంలో సహజం. పూర్వం ఒక సనదును చదివించుకోవడానికి హైదరాబాదుకు ప్రయాణం కట్టవలసి వచ్చేది. నేడు సెల్‌ఫోనుతో తీసిన ఛాయాచిత్రాన్ని క్షణంలో ఏ దేశానికైనా పంపవచ్చు. ముఖపరిచయం లేనివారు కూడ సంతోషంగా చదివి పెడుతున్నారు, తమ వద్దనున్న పేర్లతో పోల్చి చూస్తున్నారు. బళ్లారిలో స్థిరపడిన పాయ, గల్ఫు దేశాలలో ఉన్న పాయ, ఎమ్మిగనూరులోనే ఉండిపోయిన పాయ ఈ విధంగా తిరిగి కలుసుకోవడం నిజంగా బంధుత్వాన్ని కలపడమే.

కాని ఇందులో ఒక జాగ్రత్త తప్పనిసరి. ఒకరు ఊహించి వ్రాసిన వంశవృక్షాన్ని మరొకరు నకలు తీసుకొంటారు, ఆ నకలును ఇంకొకరు. కొద్ది కాలానికి పదిచోట్ల ఒకే పేరు కనిపించి, ఇందరు చెబుతున్నారు గనుక ఇది నిజమే అనిపిస్తుంది. హదీసు విద్వాంసులు ఈ ప్రమాదాన్ని పన్నెండు వందల ఏళ్ల క్రితమే గుర్తించారు. ఎంతమంది చెప్పినా, గొలుసులన్నీ ఒకే వ్యక్తి వద్దకు చేరితే ఆ కబురు ఒక్కరి కబురే. పది నకళ్లు పది సాక్ష్యాలు కావు. ఈ పేరు మీకు ఎక్కడ దొరికింది, మీరు స్వయంగా చూచారా అని అడగడం అమర్యాద కాదు, అది మన విద్యా సంప్రదాయం.

మరొక నియమం అమానత్. బ్రతికియున్నవారి పేర్లు, పుట్టిన తేదీలు, విడాకులు, తగాదాలు మనకు నమ్మి చెప్పినవి. వాటిని పదిమందిలో పరచరాదు. మరణించినవారి తప్పులు దొరికినప్పుడు కూడ వాటిని ప్రచారం చేయడం కంటె కప్పి ఉంచడమే మన ధర్మం.

వృక్షంలో లేని కొమ్మలు

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయం. మన ఇళ్లలోని షజరాలను పరచి చూడండి. తండ్రి, కొడుకు, మనుమడు అని కిందికి దిగుతాయి. తల్లి ఎవరో ఉండదు. అక్కచెల్లెళ్లు ఎందరో ఉండదు. నలుగురు కొడుకులున్న తాతకు ఒక్క కూతురూ పుట్టలేదా? పుట్టి ఉంటుంది, పెళ్లయి ఆలూరుకో రాయచూరుకో పోయి ఉంటుంది. ఆమెతోపాటు ఆమె పేరు కూడ పోయింది.

ఇది కేవలం మరపు కాదు. దాని వెనుక భూమి ఉన్నది. 1937 షరీఅత్ చట్టం వ్యవసాయ భూమికి వర్తించలేదు. మద్రాసు శాసనసభ 1949లో చేసిన సవరణతోనే మన ప్రాంతంలో వ్యవసాయ భూమికి కూడ షరీఅత్ వారసత్వం చట్టరీత్యా వర్తించింది. అంతకు పూర్వం కొన్ని తాలూకాలలో దూదేకుల కుటుంబాలు హిందూ వారసత్వ ఆచారాన్ని అనుసరించినట్లు ఆనాటి గ్రంథాలలో ఉన్నది. చట్టం వచ్చిన తరువాత కూడ కుటుంబ వృక్షం అడిగిన కచేరీలలో కొడుకుల పేర్లే వ్రాయించి, కూతుళ్ల పేర్లు వదలివేసిన ఇళ్లు తక్కువ కాదు. షజరాలో పేరు లేని కూతురికి పొలంలో భాగం కూడ లేకుండా పోయింది. గొప్ప వంశమని చాటుకొనే కాగితమే, దైవం నిర్ణయించిన భాగాన్ని మరుగుపరచే కాగితమైతే దానికి ఇక గొప్పతనమేమున్నది?

ఫరాయిజ్ శాస్త్రంలో మునాసఖా అనే అధ్యాయం ఉన్నది. ఆస్తి పంచకముందే వారసులలో కొందరు మరణించి, వారి వారసులు వచ్చి, ఆ విధంగా తరాలు గడిచినప్పుడు భాగాలను ఎలా లెక్కించాలో అది తెలుపుతుంది. ఆ లెక్క చేయాలంటే ప్రతి భార్య, ప్రతి కూతురు, ప్రతి తల్లి పేరు, ఎవరు ముందు మరణించారో, ఎవరు వెనుక మరణించారో తెలియాలి. అనగా శాస్త్రం కోరే వంశవృక్షం నిండు వృక్షం. ఒకవైపు కొమ్మలు నరికిన మోడుతో లెక్క తేలదు. హజ్రత్ ఉమర్ (రజి) దీవానులో స్త్రీలకు, పసిబిడ్డలకు చోటుండగా, మన షజరాలలో లేకపోవడం సిగ్గుపడవలసిన విషయం. నికాహ్ రిజిస్టర్లు, మహర్ పత్రాలు, కొన్ని క్రయ దస్తావేజులు ఈ లోటును తీర్చగలవు. అంతకంటె ముఖ్యం, ఇంటిలోని వృద్ధ స్త్రీలను అడగడం. ఎవరి బిడ్డ ఏ ఊరికి కోడలుగా వెళ్లింది, పురిటిలో ఎవరు పోయారు అనే విషయాలు మగవారి కాగితాలలో ఉండవు, నానీ, దాదీల జ్ఞాపకంలో ఉంటాయి.

ముగింపు

ఒక నోటుపుస్తకం తీసుకొని నేడే మొదలుపెట్టవచ్చు. ముందు మన పేరు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లందరి పేర్లు. తరువాత తల్లిదండ్రులు, వారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. ప్రతి పేరు పక్కన చెప్పినవారెవరో, చూచిన కాగితమేదో వ్రాయాలి. తెలియని చోట ఖాళీ ఉంచాలి. ఆ ఖాళీని చక్కని పేరుతో నింపాలనే కోరికను అణచుకోవాలి. ఖాళీ అబద్ధం కాదు, దానిని రేపు మరొకరు నింపవచ్చు. అబద్ధంతో నింపితే మాత్రం వెదికేవారే ఉండరు.

ఈ విధంగా వెదకినవారిలో కొందరికి ఖాజీలు, సిపాయీలు పూర్వీకులుగా తేలవచ్చు. చాలామందికి దూది ఏకిన చేతులు, నూలు వడికిన చేతులు తేలుతాయి. కొందరికి సముద్రం దాటి అమ్ముడై వచ్చిన హబ్షీ తేలవచ్చు. ఎవరు తేలినా వారు నమాజు నిలిపి, హలాలు కూడు తిని, తమ బిడ్డలకు కలిమా నేర్పారు గనుకనే ఈనాడు మనం ఉన్నాము. వారి అసలు పేరుతో వారి కొరకు దుఆ చేయడం, వారి కూతుళ్ల సంతతికి చెందవలసినది చేర్చడం కంటె వంశ గౌరవం వేరే లేదు. మన పెద్దల జ్ఞాపకం ఇంకా మిగిలియుండగానే అల్లాహ్ మనకు ఈ పనికి సద్బుద్ధిని, శక్తిని ప్రసాదించుగాక.